బెదురు కుక్క – పండుగ చుట్టములు

కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవములు ప్రారంభమగును. ఆ ఐదు దినములు చుట్టుపట్ల ఇండ్లకు చుట్టములు వత్తురు. కొత్త ముఖములను చూచి పెంపుడు కుక్క మంచము క్రింద దూరినచో, పిరికిది గనుక కరవదని తలచుట పొరపాటు. తప్పించుకొను దారి లేనప్పుడు భయమే కాటుగా మారును.

తోక కాళ్ల నడుమ ముడుచుట, చెవులు వెనుకకు వంచుట, ముఖము త్రిప్పుకొనుట, ఊరక మూతి నాకుకొనుట భయమునకు గుర్తులు. అట్టి కుక్కను గొలుసు పట్టి చుట్టముల కడకు ఈడ్వరాదు, కొట్టరాదు. పెరటిలో నీడ, నీరు గల చోటు దానికి విడిచి, పిల్లలను అటు పోనీయరాదు.

పండుగకు కొన్ని వారముల ముందే ఇరుగుపొరుగువారితో అలవాటు చేయుట మేలు. వచ్చినవారు దానివంక తేరి చూడక, చేయి చాపక కూర్చుండి, దూరము నుండియే అన్నపు ముద్ద వేయవలెను. అది నెమ్మదిగా తినుచున్నచో, దినదినము దూరము కొంచెముగా తగ్గింపవలెను. దగ్గరకు వచ్చుట దాని ఇష్టమునకే విడువవలెను.

ఎంత జాగ్రత్తపడినను కాటు పడవచ్చును. అప్పుడు గాయమును సబ్బుతో, ధారగా పారు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. పసుపు, కారము పూయరాదు. రేబీస్ లక్షణములు బయటపడిన పిమ్మట బ్రదుకుట మిక్కిలి అరుదు.

వీధి కుక్కలకు సంతాన నిరోధ శస్త్రచికిత్స, టీకాల బాధ్యతను 2023 నాటి నియమములు స్థానిక సంస్థలపై ఉంచినవి. పెంపుడు కుక్కకు టీకా వేయించుట యజమాని విధి. పంచాయతీ సభ్యులు తమ ఇంటి కుక్కతోనే ఈ పని ఆరంభించినచో, ఊరు వారిని అనుసరించును.