కలగూరగంప డిగ్రీ

శ్రీలేఖా,

నీ మెసేజ్ చూశాను. నువ్వు చేద్దామనుకున్న అసోసియేట్ డిగ్రీని మీ ఆయన కలగూరగంప డిగ్రీ అన్నాడని ఉక్రోషపడ్డావు. అతను అన్నదాంట్లో అబద్ధమేం లేదు. పిల్లలు పుట్టాక వీలు దొరికినప్పుడల్లా ఒక్కోటి చదువుకుంటూ వచ్చావు: అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, ఇంగ్లీషు, చైల్డ్ డెవలప్‌మెంట్. అన్నీ కలిపితే 41 యూనిట్లయ్యాయి గానీ, ఏ ఒక్క మేజర్‌కీ సరిపడా లేవు. ఒక రంగంలో 18, దానికి తోడు జనరల్ ఎడ్యుకేషన్, మొత్తం 60 పూర్తిచేస్తే ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్ పేరుతో అసోసియేట్ డిగ్రీ చేతిలో పెడతారు. నీలా ముక్కలుముక్కలుగా చదివినవాళ్లకు అది బాగానే నప్పుతుంది.

ఖర్చు గురించి భయపడకు. కాలిఫోర్నియాలో స్థానికులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు, 2012 నుంచీ అంతే. మిగిలిన 19 యూనిట్లకు 874 అవుతుంది. పైన పుస్తకాలు, పార్కింగు. చిన్నవాడి డేకేర్‌కు ఒక్క నెల కట్టేదే అంతకంటే ఎక్కువ కదా! నువ్వు పెట్టే అసలు ఖర్చు నీ సాయంత్రాలు. వారానికి రెండు చొప్పున ఏడాదిన్నర. ఆ రెండు రోజులూ వంట, పెద్దదాని హోంవర్కు ఎవరు చూస్తారో రిజిస్ట్రేషన్‌కు ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. మా అన్నయ్య అల్లుడని మొహమాటపడను, కావాలంటే నేనే మాట్లాడతాను.

ఇక రాబడి. నర్సింగ్, డెంటల్ హైజీన్ లాంటి రెండేళ్ల డిగ్రీలకు దొరికినట్టు దీనికి నేరుగా ఉద్యోగం దొరకదు. ఆఫీసు ఉద్యోగాలకు బ్యాచిలర్స్ అడిగే రోజులివి. అలాగని ఉత్త కాగితమూ కాదు. స్కూలు ఆఫీసులో పనిచేసినదాన్ని, దగ్గరగా చూశాను. ఫెడరల్ టైటిల్ వన్ నిధులతో క్లాసురూము ఎయిడ్‌గా చేరాలంటే రెండేళ్ల కాలేజీ చదువైనా ఉండాలి, అసోసియేట్ డిగ్రీ అయినా ఉండాలి, లేదా డిస్ట్రిక్టు పెట్టే పరీక్షైనా పాసవ్వాలి. డిగ్రీ ఏ సబ్జెక్టులో అని ఎవరూ అడగరు. దరఖాస్తులు వడకట్టేటప్పుడు మేం ఆ గడి నిండిందా లేదా అనే చూసేవాళ్లం. జీతం అంతంతమాత్రమే. కానీ నీ పిల్లల బడివేళలే నీ పనివేళలవుతాయి, సెలవులూ కలిసొస్తాయి. ఒకవేళ నీకు కావలసింది ఆ ఉద్యోగం మాత్రమే అయితే, పరీక్ష రాసి రేపే చేరొచ్చు, డిగ్రీ కోసం ఆగక్కర్లేదు.

రాష్ట్ర నిధులతో నడిచే ప్రీస్కూళ్ల దారి వేరు. అక్కడ అడిగేది డిగ్రీ కాదు, పర్మిట్. చైల్డ్ డెవలప్‌మెంట్‌లో 24 యూనిట్లు, జనరల్ ఎడ్యుకేషన్‌లో 16, వాటికి కొంత పని అనుభవం ఉంటే టీచర్ పర్మిట్‌కు పెట్టుకోవచ్చు. చైల్డ్ డెవలప్‌మెంట్‌లో నీకు ఇప్పటికే 12 ఉన్నాయి. కౌన్సెలర్‌ను అడిగి నియమాలు ఓసారి సరిచూసుకో.

నాకు తెలిసి నీ మనసు ఈ రెంటి మీదా లేదు. బ్యాచిలర్స్ అనే మాట నీ మెసేజ్‌లో రెండుసార్లు వచ్చింది. అలాగైతే లెక్క తిరగబడుతుంది. ముందు ఏ యూనివర్సిటీలో ఏ మేజరో అనుకుని, అక్కణ్ణించి వెనక్కి చూసుకుంటూ ఇక్కడి క్లాసులు ఎంచుకో. కాల్ స్టేట్‌కు, అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి, మారాలంటే రాత ఇంగ్లీషు, స్పీచ్, క్రిటికల్ థింకింగ్, మ్యాథ్స్ తప్పనిసరి. మ్యాథ్స్ నీ స్టాటిస్టిక్స్‌తో తీరిపోయినట్టే. స్పీచ్ క్లాసంటే నీకు వణుకని తెలుసు, అదే ముందు కానిచ్చెయ్. నువ్వు ఏ క్లాసు తీసుకున్నా యూనిట్ ధర ఒకటే, అయితే అవతల మేజర్‌కు అక్కరకు రాని క్లాసుల బదులు అక్కడ మళ్లీ కొత్తవి చదవాలి. అక్కడి ఫీజు 46 కాదు!

అందుకే ఇంటర్‌డిసిప్లినరీకి సంతకం పెట్టేముందు, చైల్డ్ అండ్ అడాలెసెంట్ డెవలప్‌మెంట్‌లో ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీకి ఎన్ని యూనిట్లు తక్కువపడతాయో కౌన్సెలర్‌తో లెక్క వేయించు. 19 బదులు 27 పడతాయనుకుందాం. అదనంగా 368 డాలర్లు, ఇంకో సెమిస్టరు. బదులుగా కాల్ స్టేట్‌లో సీటు ఖాయం, అక్కడ ఇంకో 60 యూనిట్లకు మించి చదవక్కర్లేదు. అయితే ఆ హామీ కాల్ స్టేట్ మొత్తానికి, నువ్వడిగిన క్యాంపస్‌కు కాదు. ఇద్దరు పిల్లలతో ఫ్రీమాంట్‌లో ఉన్నదానికి ఎక్కడో ఉత్తరాన హంబోల్ట్‌లో సీటిస్తే ఏం చేసుకుంటావు? హేవార్డ్‌లోని ఈస్ట్ బే, శాన్ హోసే స్టేట్, ఈ రెండింటి సంగతే విడిగా అడుగు.

ఇంకో మాట. తెనాలిలో బీకాం రెండేళ్లు చదివి ఆపేశావుగా. ఆ నాగార్జున యూనివర్సిటీ మార్కుల మెమోలు ఇక్కడ ఎవాల్యుయేషన్‌కు ఇస్తే కొన్ని యూనిట్లు కలవొచ్చు. ఒక్కో కాలేజీ ఒక్కోలా లెక్కగడుతుంది, కాబట్టి ఏ ఏజెన్సీ చేసిన ఎవాల్యుయేషన్ ఒప్పుకుంటారో ముందు అడిగాకే డబ్బు కట్టు. మెమోలు అన్నయ్య దగ్గర బీరువాలోనే ఉండాలి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు వెతికి స్కాన్ చేయించమని నేను చెబుతాను. నువ్వు ఈలోగా కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకో. సెమిస్టరు మొదలయ్యాక వాళ్లు దొరకరు.

మీ అత్తయ్య