మిగిలిన రంగు డబ్బా

మా పిన్ని వాళ్లది అంతర్వేది దగ్గర ఊరు. అక్కడ సముద్రపు ఉప్పుగాలి. ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

పోయినేడు పిన్ని కిటికీ ఊచలకు ఎర్రరంగు వేయించింది. దాన్నే రెడ్ ఆక్సైడ్ అంటారు. సగం డబ్బా మిగిలింది. మూత పైపైన పెట్టి, పొయ్యి పక్కన ఉంచింది. ఈ ఏడు తీసి చూస్తే రంగు రాయిలా ఉంది.

"డబ్బు పోసి కొన్నాను అమ్మాయ్! మట్టిపాలైంది" అంది.

ఎందుకిలా అయింది?

ఇనుముకు గాలి, తేమ తగిలితే తుప్పు పడుతుంది. రంగు వాటికి అడ్డుగా నిలుస్తుంది. రాజమండ్రిలో హేవలాక్ వంతెన ఉంది కదా! దాని మీద 1900 నుంచి 1997 వరకు రైళ్లు నడిచాయి. అంత పెద్ద ఇనుప వంతెనకైనా రంగు కావాలి.

కానీ డబ్బాలోని రంగుకు కూడా గాలే శత్రువు. గాలి తగిలితే రంగు ఆరిపోతుంది. పాల మీద మీగడలా పొర కడుతుంది.

అందుకే ఇలా దాచాలి:

1. కుంచెతో వాడిన రంగును, నూనె కలిపిన రంగును తిరిగి డబ్బాలో పోయకూడదు.
2. కొంచెమే మిగిలితే పొడిగా ఉన్న చిన్న డబ్బాలోకి మార్చాలి. అప్పుడు లోపల గాలి తక్కువ ఉంటుంది.
3. రంగు పైన కొద్దిగా టర్పెంటాయిలు పొయ్యాలి. కలపకూడదు.
4. డబ్బా అంచు తుడవాలి. ప్లాస్టిక్ కాగితం పరిచి మూత పెట్టాలి. మూత మీద చెక్క పెట్టి చుట్టూ కొట్టాలి.
5. నీడలో, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాలి. పొయ్యి దగ్గర వద్దు. అంటుకుంటుంది. తడి నేల మీద వద్దు. డబ్బాయే తుప్పు పడుతుంది.

మళ్లీ వాడేటప్పుడు పైపొర తీసెయ్యాలి. అడుగుదాకా కలిపి, పల్చటి పాతగుడ్డలో వడకట్టాలి. గడ్డలు కడితే ఆ రంగు పనికిరాదు. దాన్ని కాలవలో పారబొయ్యకండి. ఆ నీళ్లే మనం తాగుతాం. ఖాళీ డబ్బాలో బియ్యం, నీళ్లు పొయ్యకండి.

ఇంకో మాట. పిన్ని టర్పెంటాయిలును కూల్ డ్రింకు సీసాలో పోసి ఉంచింది. మనవడు మంచినీళ్లనుకుని నోటిదాకా ఎత్తాడు. వాసనకి వదిలేశాడు. గండం గడిచింది. ఎవరైనా తాగితే వాంతి చేయించకూడదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఈసారి పిన్ని కొత్త డబ్బా కొంది. మిగిలిన రంగును జాగ్రత్తగా దాచింది. కాగితం మీద తన చేత్తో రాసి, డబ్బాకు అంటించింది:

"కిటికీ రంగు. విషం. ముట్టుకోవద్దు."

కింద తేదీ కూడా వేసింది. మనవడు కూడబలుక్కుని చదివాడు. "నువ్వే రాశావా మామ్మా?" అన్నాడు. పిన్ని నవ్వింది.

చెప్పండి: డబ్బాలో రంగు ఎందుకు గట్టిపడుతుంది?

రాయండి: మీ ఇంట్లో పురుగుమందు, కిరసనాయిలు, రంగు ఉన్నాయా? ఒక్కొక్కదానికి పేరు రాసి అంటించండి.