చేతులెత్తమనకండి టీచర్!

ప్రశ్న: లాయర్ గారూ, ఏజెన్సీ అంచున ఉన్న ఊళ్లో, మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాలలో ఎస్‌జీటీని. ఈ ఏడాది మూడు చిక్కులు ఒకేసారి వచ్చాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఏడేళ్ల బాబుని వాళ్లమ్మ చంకనేసుకుని తీసుకొస్తే, 'ముందు సదరం సర్టిఫికెట్ తెచ్చుకోండి, అయినా ఇలాంటి పిల్లలకి వేరే స్కూళ్లుంటాయి' అని మా హెచ్‌ఎం పంపించేశారు. మధ్యాహ్న భోజనం వండే ఆమె ఎస్సీ అని తెలిశాక పదిమంది దాకా పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకుంటున్నారు. ఆమెను మార్చమని వాళ్ల పెద్దలు ఒత్తిడి పెడుతున్నారు. రెండో తరగతిలో ఇద్దరు కోయ పిల్లలు నోరే విప్పడం లేదు. అందరినీ కలుపుకుపోవాలని ట్రైనింగులో మూడు రోజులు చెప్పారు. చట్టం ప్రకారం నా చేతిలో ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేదు.
- ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: టీచర్ గారూ, మీ చేతిలో ఒక తెల్లకాగితం ఉంది. ఎగతాళికి అనడం లేదు. ట్రైనింగుల్లో ఓపిక గురించి, ప్రేమ గురించి చెబుతారు. అవి మీకు ముందే ఉన్నాయి, లేకపోతే ఈ ఉత్తరం రాసేవారు కాదు. లేనిదల్లా ఎవరికి ఏం రాసిస్తే పని జరుగుతుందన్న ఎరుక. అది చెబుతాను.

ముందు బాబు సంగతి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలెవరినీ బడి గేటు దగ్గర నుంచి వెనక్కి పంపకూడదు. వయసు రుజువు కాగితం లేదన్న కారణంతో కూడా చేర్చుకోననడానికి వీల్లేదని 14వ సెక్షన్ అంటుంది. ఇక 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా సూటిగా ఉంది. ప్రభుత్వ సాయం పొందే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ వివక్ష లేకుండా ఈ పిల్లల్ని చేర్చుకోవాలి, మిగతా పిల్లలతో పాటే కూర్చోబెట్టి చదువు చెప్పాలి. ఇది 16వ సెక్షన్. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 18 ఏళ్లొచ్చేదాకా ఉచిత విద్య. దగ్గర్లోని మామూలు బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది ఎంచుకునేది బిడ్డా, తల్లిదండ్రులూ. హెచ్‌ఎం కాదు. వైకల్యం తీవ్రంగా ఉన్నవాళ్లకి ఇంటి దగ్గరే చదువు అనే వెసులుబాటు కూడా ఉంది గానీ అది కోరుకోవలసిందీ వాళ్లే. బడి తన బరువు దించుకోవడానికి వాడుకునేది కాదు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువీకరణ పత్రం, పెన్షన్‌కి కావాలి, అలవెన్సులకి కావాలి. అడ్మిషన్‌కి అది షరతు అని ఏ చట్టంలోనూ లేదు. స్లాటు దొరికి, క్యాంపుకి వెళ్లి, కాగితం చేతికొచ్చేదాకా బిడ్డని ఇంట్లో కూర్చోబెట్టమనడం అడ్మిషన్ నిరాకరించడమే.

మీరు హెచ్‌ఎం గారితో గొడవ పడక్కర్లేదు. ఆ తల్లి చేత అడ్మిషన్ కోసం దరఖాస్తు రాయించండి. తీసుకోనంటే, 'ఎందుకు చేర్చుకోవడం లేదో దీని మీదే రాసి సంతకం పెట్టండి సార్' అని ఆమెనే అడగమనండి. సగం కేసులు ఈ ఒక్క మాటతో అక్కడికక్కడే తేలిపోతాయి. కాళ్లు సరిగా లేవు కాబట్టి చేర్చుకోను అని సొంత దస్తూరీతో రాసిచ్చిన హెచ్‌ఎంని నేనింతవరకూ చూడలేదు. దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉందని స్టాఫ్ రూములో మాటల మధ్యలో అంటే తప్పేం లేదు.

బాబు చేరాక మీ పని మొదలవుతుంది. అది ఒంటరిగా మోయాలని చట్టం అనలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మీ బడికి విడిగా ఒకరు రాకపోవచ్చు. మండలంలోని భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఉంటారు, వారానికి ఇన్నిసార్లు మా బడికి రావాలి అని ఎంఈఓకి లిఖితపూర్వకంగా అడగండి. ర్యాంపు, టాయిలెట్‌లో పట్టుకునే కడ్డీ, కూర్చోవడానికి తగిన కుర్చీ, ఇవన్నీ అదే ఉత్తరంలో రాయండి. అడిగినట్టు కాగితం లేకపోతే రేపు బాబు జారిపడినప్పుడు అందరూ మీవైపే చూస్తారు. రాత మిమ్మల్ని కూడా కాపాడుతుంది.

ఇంకో మాట. దివ్యాంగుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. అన్నీ కంటికి కనపడవు. అక్షరాలు తిరగేసి రాసే పిల్ల 'మొద్దు' కాకపోవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల 'ప్రశస్త్' చెక్‌లిస్టు ఇందుకే. టీచరు తరగతిలో గమనించినవాటికి టిక్కులు పెట్టుకుంటూ పోవచ్చు. అది డాక్టర్ నిర్ధారణ కాదు, డాక్టర్ దగ్గరికి పంపాలో వద్దో చెప్పే సూచన. వినికిడి లోపం ఉన్న పిల్లలకి సైగల భాష వీడియోలు దీక్షా పోర్టల్లో ఉచితంగా ఉన్నాయి. పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు చట్టంలోనే ఉన్నాయి. ఇవి టెన్త్‌లో హాల్‌టికెట్లు వచ్చే రోజున కాదు, ఇప్పటి నుంచే గుర్తుపెట్టుకోవాలి.

రెండోది, వంటమనిషి సంగతి. ఇక్కడ చట్టం బలం చాలామందికి తెలియదు. మధ్యాహ్న భోజనం వండేవారి నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. ఆహార హక్కు కేసులో వచ్చిన ఆదేశమది. అంటే ఆమె ఆ పొయ్యి దగ్గర ఉండటం ఎవరో చేసిన ఉపకారం కాదు, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం కోరుకున్నది.

అయితే తేడా జాగ్రత్తగా చూడాలి. ఏ పిల్లాడినీ బలవంతంగా తినమనలేం. క్యారేజీ తెచ్చుకోవడం నేరం కాదు. కులం కారణంగా ఆమెను తీసేయమని ఒత్తిడి చేయడం, ఆమె వండితే మా పిల్లల్ని పంపం అని కట్టుబాటు పెట్టించడం మాత్రం వేరే లెక్క. సామాజిక, ఆర్థిక బహిష్కారం చేసినా, చేస్తామని బెదిరించినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో నేరమే. నలుగురి ఎదుట కులం పేరుతో తిట్టడమూ అంతే. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా. పెద్దమనుషులకి ఇది కోపంగా కాకుండా సమాచారంగా చెప్పండి, చాలావరకు సర్దుకుంటారు.

వడ్డించే ముందు టీచరు రుచి చూడాలని ఎలాగూ నిబంధన ఉంది. ఆ రుచి చూడటం స్టాఫ్ రూములోకి గిన్నె తెప్పించుకుని కాకుండా పిల్లల వరసలో కూర్చుని, ఆమె చేత వడ్డించుకుని చేయండి. క్యారేజీ పిల్లల్ని వేరే వరండాలో కూర్చోనివ్వకండి. ఏం తిన్నా ఒకే పంక్తి. స్కూల్ యాజమాన్య కమిటీలో ఆమెను మార్చాలన్న మాట వస్తే, 2004 ఆదేశాన్ని మినిట్స్ పుస్తకంలో ఎక్కించమనండి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలుండాలి, బలహీన వర్గాల తల్లిదండ్రులకు తగినంత చోటుండాలి. మీ కమిటీలో ఎస్సీ వాడ నుంచి ఎవరున్నారో ఒకసారి జాబితా తీసి చూడండి.

కోయ పిల్లల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు, కోయలో. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యలో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో తెలుగు లిపిలోనే వాచకాలు తెచ్చారు. కోయ వాచకం కోసం ఐటీడీఏకి ఉత్తరం రాయండి. అది వచ్చేలోగా వాళ్ల నుంచి పది మాటలు మీరు నేర్చుకోండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. న్యాయ విజ్ఞాన సదస్సు కోసం ఒక బడికి వెళ్లినప్పుడు చూశాను. స్కాలర్‌షిప్ ఫారాల కోసం ఒక మాస్టారు తరగతిలోకి వచ్చి 'ఎస్సీలు చేతులెత్తండి' అన్నారు. ఆయనకి దురుద్దేశం లేదు, లెక్క కావాలి అంతే. మూడో బెంచీలో ఒక పాప చెయ్యి చెవి దాకా లేచి ఆగిపోయింది. తల గోక్కుంటున్నట్టు. లెక్కలో ఆ పాప పడిందో లేదో నాకు తెలియదు, వెనక బెంచీలో నవ్వు మాత్రం వినిపించింది. ఇలా అడగడం దానంతటదే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కాదు. కానీ పిల్లల్ని మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్, భయం లేని చదువు అని 29వ సెక్షన్ చెప్పేది ఇలాంటి చోటే వర్తించాలి. ఆ వివరాలు అడ్మిషన్ రిజిస్టర్లో ఉంటాయి. అక్కడ చూసుకోండి, లేకపోతే తల్లిదండ్రులకి ఫోన్ చేయండి. 'ఒరే కుంటోడా' లాంటి పిలుపులూ అంతే. అవమానించాలని నలుగురిలో అంటే దివ్యాంగుల చట్టం 92వ సెక్షన్ కింద జైలు దాకా వెళ్తుంది. అన్నది టీచరైనా సరే.

ఇవన్నీ చేసినా కదలకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ఉంది. స్థానిక సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, 3 నెలల్లో తేల్చాలి, తేల్చకపోయినా తృప్తి లేకపోయినా రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కులం పేరుతో వేధింపు అయితే 14566, పిల్లలకి తక్షణ సాయం కావాలంటే 1098. వకీలు ఖర్చు గురించి ఆ తల్లిగానీ వంటామె గానీ బెంగపడక్కర్లేదు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100. ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ 3 నెలలు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.