రథమును కొనకముందు

పఠనము: 1 రాజులు 10:26-29, ద్వితీయోపదేశకాండము 17:16, లూకా 14:28-30

సొలొమోను కాలమున ఐగుప్తు రథమొకటికి 600 తులముల వెండి, గుఱ్ఱమునకు 150 తులములు చెల్లించిరి. గుఱ్ఱములను విస్తారముగా సంపాదింపరాదని రాజులకు ముందే ఆజ్ఞ యుండెను. అయినను అతడు 1,400 రథములు కూర్చుకొనెను. రథము పాపము కాదు. హృదయము దాని వెంట పోవుటయే అపాయము.

భిలాయి ఉక్కు కర్మాగారములో పనిచేసి విరమించి, రిసాలిలో నివసించు ఒక విశ్వాసి, కోబ్రా కారు నకలును కొనగోరెననుకొందము. బ్రిటిషు కారులో అమెరికా ఫోర్డ్ వి-8 ఇంజను అమర్చి 1962లో క్యారల్ షెల్బీ రూపొందించిన కారది. సౌందర్యమును మెచ్చుట దోషము కాదు. అయితే గోపురము కట్టువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెను గదా!

ఈ లెక్కలో వెల ఒక్కటే చాలదు. పాత కారును మార్చి నకలు చేసినయెడల, 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అడ్డుపడవచ్చును. తయారీదారుని వివరములకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. రిజిస్ట్రేషను లేని బలమైన ఇంజను షెడ్డులోనే నిలిచిపోవును. గ్రాట్యుటీ సొమ్ము మాత్రము తిరిగి రాదు.

ఆలోచించుడి: ఈ కోరికను భార్య యెదుట దాచకుండ చెప్పగలడా? కొన్న తరువాత వృద్ధాప్యమునకును, ఇతరుల అక్కరకును ఏమి మిగులును? ఒక సంవత్సరము ఆగినను ఆనందము నిలుచునా? నిలిచినయెడల కృతజ్ఞతతో కొనవచ్చును. నిలువనియెడల, మానుకొనుటయే లాభము.