కుడి సీటు నేర్పే పాఠాలు

చేతిలో కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉంది. 200 గంటలకు పైగా ఎగిరిన అనుభవం ఉంది. ఇక ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష ఓ లెక్కా అనుకుంటారు చాలామంది. తీరా పరీక్ష రోజున గొంతు పెగలదు. చేతికొచ్చిన విద్య నోటికి రాలేదని అప్పుడు తెలిసొస్తుంది.

మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఈ అర్హతను రెండు మెట్లుగా ఇస్తుంది. ముందు అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్, ఆ పైన ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్. హైదరాబాద్ బేగంపేటలో ఎగరడం నేర్చినవారికైనా, మరెక్కడ నేర్చినవారికైనా దారి ఇదే. విమానం నడపడం వచ్చా అన్నది ఇక్కడ సగం ప్రశ్నే. నడపడం నేర్పగలరా అన్నది అసలు ప్రశ్న.

రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు ఈ పరీక్షలో ఒక వాటం ఉంది. ఇంట్లో తెలుగు, పక్కనే ఉన్న పండ్రి బట్టల బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ, కాలేజీలో ఇంగ్లీషు. ఎదుటి మనిషిని బట్టి అదే సంగతిని వేరే తీరులో చెప్పడం వాళ్లకు రోజూ ఉండే పనే. ఇన్‌స్ట్రక్టర్‌కు కావలసిన తొలి లక్షణం అదే. మానా విమానాశ్రయంలో దిగే విమానాలను చూసి పైలట్ కావాలని కలలుకనే వారికే కాదు, ఏ రంగంలో ఉన్నవారికైనా ఈ పరీక్ష నాలుగు మంచి అలవాట్లు నేర్పుతుంది.

1. తెలియనివారికి చెప్పి చూడండి

పరీక్షకుడు బోర్డు చూపించి, "నేను కొత్త విద్యార్థిని. స్టాల్ గురించి చెప్పండి" అంటాడు. వేగం తగ్గితే స్టాల్ అవుతుందంటే సగమే చెప్పినట్టు. ఎదురుగాలికి రెక్క చేసే కోణం ఒక హద్దు దాటితే, అంటే మామూలు రెక్కలకు సుమారు 15 డిగ్రీలు దాటితే, ఏ వేగంలోనైనా రెక్క విమానాన్ని సరిగా మోయలేదు, అదే స్టాల్. "మరి 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే?" అన్నది తరువాతి ప్రశ్న. అప్పుడు రెక్కల మీద భారం రెట్టింపవుతుంది. 50 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం 71 నాట్ల దగ్గరే అవుతుంది. అంకె చెప్పి ఊరుకుంటే సరిపోదు. రెక్క ఇప్పుడు బరువు మోయడంతోపాటు విమానాన్ని పక్కకు కూడా లాగాలి, అందుకే ఈ అదనపు భారం అని విడమరచాలి.

దీనికి సాధన ఇంట్లోనే మొదలుపెట్టండి. స్టాల్ సంగతి నానమ్మకు తెలుగులో చెప్పండి, స్నేహితుడికి హిందీలో చెప్పండి. "అయితే ఇంజిను ఆగిపోతుందేంట్రా?" అని నానమ్మ అడిగిందనుకోండి. ఇంజిను తిరుగుతూనే ఉంటుందన్న ముఖ్యమైన ముక్క మీరు మింగేశారన్నమాట. పరీక్షకుడికంటే ముందే లోపం పట్టిచ్చినందుకు ఆవిడకు దండం పెట్టండి.

2. చేస్తూ చెప్పండి

విద్యార్థి ఎడమ సీటులో, ఇన్‌స్ట్రక్టర్ కుడి సీటులో కూర్చుంటారు. ఇన్నాళ్లూ ఎడమచేత్తో కంట్రోల్, కుడిచేత్తో థ్రాటిల్ పట్టినవారికి ఇప్పుడు చేతులు తారుమారవుతాయి. ముందు అద్దంలోంచి కనిపించే దృశ్యమూ మారుతుంది. దానికితోడు నోరు ఆగకూడదు. "థ్రాటిల్ తగ్గిస్తున్నాను. ఎత్తు పోకుండా మెల్లగా వెనక్కి లాగుతున్నాను. ఆ వణుకు తెలిసిందా? అదే హెచ్చరిక." ఈ మాటల వరసను ఇన్‌స్ట్రక్టర్లు ప్యాటర్ అంటారు. మీరింకా థ్రాటిల్ దగ్గరే ఉండగా వణుకు వచ్చేసిందంటే పాఠం చెడినట్టే.

చెన్నై తాంబరంలోని వైమానిక దళ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూలు ఆశయవాక్యం "విద్యా దానేన వర్ధతే", అంటే విద్య దానం చేస్తే పెరుగుతుంది. దానం చేసే వేళ మాట తూకంలో ఉండాలి. తాలింపు వేస్తూ తమ్ముడికి నేర్పి చూడండి. ఆవాలు చిటపటమనేలోపు జీలకర్ర మాట పూర్తికాకపోతే మీరు ఎక్కువ మాట్లాడుతున్నట్టే. ఎక్కడ కోయాలో అక్కడే తెలిసిపోతుంది.

3. తప్పు చేయనివ్వండి, హద్దు మరవకండి

పరీక్షలో కష్టమైన ఘట్టం ఇది. పరీక్షకుడు విద్యార్థి వేషం కట్టి కావాలనే తప్పులు చేస్తాడు. రన్‌వే దగ్గరపడుతున్నా విమానం ముక్కు ఎత్తడు. మీరు తొందరపడి కంట్రోల్ లాక్కుంటే విద్యార్థికి తన తప్పు తెలియదు. ఆలస్యం చేస్తే విమానం నేలకు కొట్టుకుంటుంది. ముందు మాటతో హెచ్చరించాలి. వినకపోతే "ఐ హ్యావ్ కంట్రోల్" అని స్పష్టంగా చెప్పి తీసుకోవాలి. ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ తెలియని క్షణం ఒక్కటి కూడా ఉండకూడదు.

1917లో ఇంగ్లండ్‌లోని గాస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బారీ ఈ పద్ధతికి పునాది వేశాడు. ప్రమాదకరమైన స్థితులకు విద్యార్థిని దూరంగా ఉంచే రోజులవి. ఆయన మాత్రం గురువు పక్కన ఉండగానే వాటిలోకి దింపి, బయటపడటం నేర్పించాడు. ఇంజిను హోరులో మాట వినిపించడానికి గురుశిష్యుల మధ్య వాడిన గొట్టానికి ఆ ఊరి పేరే నిలిచిపోయింది.

ఆఫీసులో కొత్తగా చేరినవారి ఫైలు లాక్కుని మీరే పూర్తిచేస్తున్నారా? వాళ్లు ఎప్పటికీ నేర్చుకోరు. ఎక్కడిదాకా వదలాలో ముందే గీత గీసుకోండి. ఆ గీత దాటేవరకు చేతులు కట్టుకు కూర్చోండి.

4. నాలుగు విడతల్లో అప్పగించండి

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇన్‌స్ట్రక్టర్లకు బోధించే క్రమం ఏ పనికైనా పనికొస్తుంది. మొదట మీరే చెబుతూ మీరే చేయండి. తర్వాత నేర్చుకునేవారు చెబుతుంటే మీరు చేయండి. మూడో విడతలో చెప్పేదీ చేసేదీ వాళ్లే. చివర వాళ్లు చేస్తారు, మీరు చూసి లోటుపాట్లు చెబుతారు. మనలో చాలామంది మొదటి విడత నుంచి ఏకంగా నాలుగో విడతకు దూకి, "ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు" అని విసుక్కుంటాం. రెండో విడతను అసలే వదలొద్దు. వాళ్లకు ఎంత అర్థమైందో, మీరు ఎక్కడ సరిగా చెప్పలేదో అక్కడే బయటపడుతుంది.

విమానం దిగాక డీబ్రీఫింగ్, అంటే జరిగినదాని సమీక్ష, ఉంటుంది. అక్కడా ఒక మర్యాద ఉంది. ఎలా చేశావని ముందు విద్యార్థినే అడగాలి. పది తప్పులు కనిపించినా, మిగతావాటికి మూలమైన ఒకటి రెండు ఎంచుకుని వాటి గురించే మాట్లాడాలి. ప్రశ్నకు జవాబు తెలియకపోతే పుస్తకం తెరిచి చూసి చెప్పాలి. అల్లి చెప్పిన జవాబును విద్యార్థి ఆకాశంలోకి మోసుకుపోతాడు.

విమానం ఎక్కే దాకా ఆగక్కర్లేదు. మీకు బాగా వచ్చిన పని ఒకటి ఎంచుకోండి. ఎక్సెల్ షీటు కావచ్చు, కుట్టుమిషను కావచ్చు, లెక్కల్లో ఓ అధ్యాయం కావచ్చు. ఈ ఆదివారం ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు విడతల్లో నేర్పండి. ఎక్కడ మాట తడబడిందో రాసుకోండి. సోమవారం మీరు చదవాల్సింది అదే.