సారపప్పు, జీడిపప్పు, పిస్తా: ఒకే కుటుంబము

సత్తుపల్లికి ఉత్తరముగా భద్రాచలము వఱకు వ్యాపించిన అడవులలో, మండువేసవియందు నల్లగా పండిన మొర్రిపండ్లను కోయ గిరిజనులు ఏరి తెచ్చి, గుజ్జు కడిగి, గింజల నెండబెట్టి, తిరగలిలో తేలికగా విసరి పెంకు పగులగొట్టి తీయునదే సారపప్పు. పిస్తాను గూర్చి చదువువారు ఈ సారపప్పును ముందుగా తెలిసికొనుట న్యాయము. ఏలయన ఈ మొర్రియు, పిస్తాయు, అశ్వారావుపేట ప్రాంతపు తోటలలోని జీడిమామిడియు, మన మామిడియు అనాకార్డియేసీ యను ఒకే వృక్షకుటుంబమునకు చెందినవి.

జీడిమామిడి జన్మస్థానము బ్రెజిలు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని భారతదేశమునకు తెచ్చిరి. పిస్తాకు శీతకాలపు తీవ్రమైన చలి యావశ్యకము గనుక మన సీమలో ఫలింపదు.

100 గ్రాముల పిస్తాలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, 45 గ్రాముల క్రొవ్వు, 10 గ్రాముల పీచు కలవు. ఆ క్రొవ్వులో అధికభాగము అసంతృప్తమగుటచే చెడు కొలెస్టరాలు తగ్గును. అందలి ల్యూటిన్, జియాజాంతిన్ నేత్రములకు హితకరములు. స్పెయిను దేశపు ప్రెడిమెడ్ పరిశోధనలో (2013) మధ్యధరా ప్రాంతపు ఆహారముతోపాటు దినమునకు 30 గ్రాముల గింజలను భుజించినవారికి హృద్రోగ, పక్షవాతముల ముప్పు సుమారు 30 శాతము తగ్గెను. అయితే ఉప్పు పట్టించి వేయించిన పిస్తా రక్తపోటు గలవారికి తగదు. గింజలు సరిపడని దేహములకు కొద్దిపాటి పప్పు సైతము ప్రాణాంతకము కావచ్చును.

ఇక ఇతర గింజలలో విటమిన్ ‘ఇ’కి బాదము, ఒమేగా-3కి అక్రోటు, సెలీనియమునకు బ్రెజిల్ గింజ ప్రసిద్ధములు. వేరుశనగ మాత్రము పప్పుధాన్యముల జాతి.