కిటికీ లోతు చూశాకే బ్లైండ్లు

ప్రశ్న: డాలస్ శివార్లలో 1956లో కట్టిన ర్యాంచ్ ఇల్లు కొన్నామండీ. హాల్లో పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ, పడకగదుల్లో ఎత్తున పొట్టి కిటికీలు. బ్లైండ్లు ఫ్రేము లోపల బిగించాలా, బయటా?

జవాబు: ముందు లోతు కొలవండి. ఆ కాలపు ఇళ్లలో చాలాచోట్ల అద్దానికీ గోడ అంచుకీ మధ్య జాగా తక్కువ. కిటికీ తెరిచే క్రాంకు పిడి ఉంటే అది పలకలకు తగులుతుంది. బ్రాకెట్‌కు ఎంత లోతు కావాలో కంపెనీ కొలతల్లో ఉంటుంది. అంత లేకపోతే బయటే బిగించండి, రెండు పక్కలా రెండు మూడు అంగుళాలు ఎక్కువ వచ్చేలా. లోపలే అనుకుంటే వెడల్పును పైన, మధ్యలో, కింద కొలిచి, వాటిలో చిన్నదాన్నే ఆర్డరులో రాయండి. డెబ్బై ఏళ్ల ఇంట్లో ఆ మూడూ ఒకటే అయితే మీ అదృష్టం!

పడమటెండకు నా ఓటు సెల్యులార్ షేడ్‌కే. తేనెపట్టులాంటి దాని అరల్లో నిలిచే గాలి వేడిని అడ్డుకుంటుంది. పొట్టి కిటికీలకు మాత్రం బ్రాకెట్లు ఫ్రేముకు పైన, గోడకు కొట్టించండి. అప్పుడు షేడ్ పైకి లాగినా దాని మడతలు ఉన్న కాస్త వెలుతురునూ తినేయవు.

1978కి ముందు కట్టిన ఇల్లు గనక పాత రంగులో సీసం ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా డ్రిల్లు ముట్టుకోవద్దు. పాత ఓనరు వదిలేసిన వినైల్ మినీ బ్లైండ్లు 1996కి ముందువైతే వాటిలోనూ సీసం ఉండొచ్చు, తీసి పారేయండి. ఇంట్లో పసిపిల్లలుంటే తాడు లేని రకమే కొనండి.